ట్యాంకు పక్కన ఒక జత చెప్పులు

అమీర్‌పేటలో నేను మెయింటెనెన్సు చూసే బిల్డింగుకు ఏడు అంతస్తులు, అన్నింటా కోచింగు సెంటర్లే. తాడు కట్టుకుని గోడ మీద దిగి పైపులు బాగుచేసేవాళ్లు టెర్రస్‌ మీద చెప్పులు విడిచి దిగుతారు. పని అయ్యాక మెట్లెక్కి వచ్చి తొడుక్కుంటారు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు.

ఒకప్పుడు ఆ పనికి నెల జీతం మీద నలుగురుండేవారు. చెప్పులు చూసి గోడ మీదున్నది ఎవరో చెప్పేవాణ్ణి. ఒకాయన తెగిన పట్టీకి ఎప్పుడూ కరెంటు వైరే చుట్టేవాడు. పెళ్లికి కూడా ఇవేనా అని ఏడిపించేవాణ్ణి. తర్వాత ఓనర్లు పని కాంట్రాక్టుకిచ్చారు, నలుగురూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇప్పుడు నెల జీతం మీద మిగిలింది నేనొక్కణ్ణే. బోరబండ నుంచి ఆటోలో ఈరోజు ఏడుగురు వస్తారు, రేపు వేరే ఏడుగురు. మొహాలు గుర్తుపెట్టుకోవడం నేనూ మానేశాను. సిగ్గుపడాల్సిన మాటే.

ఆ సాయంత్రం టెర్రస్‌ తలుపుకు తాళం వేయబోతే వాటర్ ట్యాంకు పక్కన ఒక జత చెప్పులు. నీలం పట్టీలు, మడమ దగ్గర అరిగిపోయినవి. ఒళ్లు మండి కాంట్రాక్టరుకు ఫోన్ చేశాను.

"మీవాళ్లంతా వెళ్లారా?"

"పోయిండ్రు సార్. ఏడుగురు ఆటో ఎక్కిండ్రు, నేనే లెక్కవెట్టిన."

"మరి ఈ చెప్పులెవరివండీ?"

"ఎవరో మర్చిపోయి ఉంటరు. ఫికర్ చెయ్యకుండ్రి."

వట్టి కాళ్లతో బోరబండ పోయిన మహానుభావుడెవరా అనుకుంటూ తిరిగాను. ట్యాంకు వెనక, రెండు బిల్డింగుల మధ్య సందులోకి ఒక తాడు ఇంకా దిగి ఉంది. పైకి తీసేద్దామని లాగాను. రాలేదు. బిగుసుకుని ఉంది. అంతలో నా చేతిలో సన్నగా వణికింది.

వదిలేశాను. భయమేసింది, దాచుకోను. పిట్టగోడ మీంచి వంగి చూస్తే సందంతా మసక చీకటి, ఏసీల హోరు. పిలవాలి. నోరు తెరిచాక తెలిసింది, పిలవడానికి నా దగ్గర పేరు లేదు. ఏడుగురిలో ఒక్కరి పేరూ లేదు.

"అన్నా" అన్నాను చివరికి.

"ఆఁ" అని పలికింది కింద ఒక గొంతు, పక్కన కూర్చున్న మనిషి పలికినంత మామూలుగా.

వాచ్‌మనూ నేనూ కలిసి నాలుగో అంతస్తు మెట్ల కిటికీలోంచి అతన్ని లోపలికి లాగాం. నలభై దాటిన మనిషి. నడుం పట్టీ దగ్గర తాడు ఇరుక్కుపోయి, మధ్యాహ్నం నుంచి ఏసీ స్టాండు మీద కాళ్లు ఆనించి వేలాడుతున్నాడు. ఆటోలో ఏడో మనిషిగా కూర్చున్నది పంజాగుట్ట సైటులో పనిచేసే పెయింటరట, దారిలో దిగుతానని ఎక్కాడని వాచ్‌మన్ చెప్పాడు.

"అరవలేదేంటి?" అన్నాను అతనితో.

"సార్, సార్ అని మస్తు ఒర్లిన. క్లాసు చెప్పే సారొకాయన కిటికీ తీసి చూసిండు. పని చేస్తున్ననుకున్నడేమో, మళ్ల మూసుకున్నడు. పేరు వెట్టి పిలుద్దమంటే మీ పేరు తెల్వది. ఆటోల వచ్చినోళ్ల పేర్లు సుత తెల్వది. ఇయ్యాల్నే వచ్చిన."

పైకొచ్చి నీలం చెప్పులు తొడుక్కుంటుంటే పేరు అడిగాను. చెప్పాడు. రెండుసార్లు మనసులో అనుకున్నాను.

మర్నాడు ఆటోలోంచి ఏడుగురు దిగారు. అందులో అతను లేడు. ఎలా ఉన్నాడో కనుక్కుందామని కాంట్రాక్టరుకు రాత్రి జరిగింది చెప్పి, అతని పేరు చెప్పాను.

"గా పేరుతోని మన దగ్గర ఎవరు లేరు సార్" అన్నాడు. "నిన్న ఏడుగురు వచ్చిండ్రు, ఏడుగురు వాపస్ పోయిండ్రు."