గాలి గది

సినిమా హాలు మూతబడ్డ రోజున అందరికంటే ఎక్కువగా ఏడ్చింది గేటు దగ్గర టికెట్లు చింపే అన్న. పైన ప్రొజెక్టర్ గదిలో ఉన్న తమ్ముడికి ఏడుపు రాలేదు. రెండు యంత్రాలకూ ఆఖరిసారి నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పాత దుప్పట్లు కప్పి మెట్లు దిగి వచ్చాడు. మీసాలు రాకముందే అతణ్ణి ఆ గదిలో పనికి పెట్టించింది అన్నే. వీధి వీధంతా తమ్ముణ్ణి ఆపరేటర్ అని పిలుస్తుంటే, ఆ పిలుపు తనకే దక్కినట్టు అన్న పొంగిపోయేవాడు.

హాలు గోదామయింది. అన్న ఇంటిపట్టునే కూలబడి, "మళ్ళీ తెరుస్తారు, చూస్తుండు" అనేవాడు దగ్గుతూనే. తమ్ముడు చెప్పులరిగేలా తిరిగి తిరిగి, చివరికి ఆస్పత్రి ఆక్సిజన్ గదిలో మనిషి కావాలని తెలిసి వెళ్లి చేరాడు.

"ఆపరేటర్ ఆస్పత్రిలో పనికి చేరాడంటే ఆపరేషన్లు చేస్తాడనుకుంటారండీ జనం! కాస్త చూసి చెప్పుకోండి" అని నవ్వింది అతని భార్య.

అన్నకు మాత్రం నవ్వు రాలేదు. "తెరమీద బొమ్మ ఆడించిన చేత్తో ఇనప సిలిండర్లు దొర్లిస్తావురా? నలుగురిలో తలెత్తుకోనిచ్చావు కావు" అన్నాడు. ఆ తర్వాత మాటలు మానేశాడు. తమ్ముడు గుమ్మంలోకి వస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. మధ్యలో వదినే ఇటు మాట అటూ, అటు మాట ఇటూ చేరవేసేది.

ఆక్సిజన్ గది ఆస్పత్రి వెనకాల, రోగులెవరూ రాని చోట ఉండేది. రేకుల కప్పు, ఇనప జాలీ తలుపు, లోపల గొలుసులతో గోడకు కట్టేసిన సిలిండర్లు రెండు వరసలు. వాటి మెడల్లోంచి బయల్దేరిన రాగి గొట్టాలు ఒక్కటిగా కలిసి, గోడలోంచి దూరి పై అంతస్తుల మంచాల దాకా పోయేవి. మొదటిరోజు ఒక వాల్వు బిగుసుకుపోయి ఎంతకీ తిరగలేదు. "కాస్త నూనె రాద్దామా?" అన్నాడతను, పాత అలవాటు కొద్దీ.

పాత మేస్త్రీ పిడుగు పడ్డట్టు ఎగిరిపడ్డాడు. "నూనె మాటెత్తకు! ఆ గాలికి నూనె తగిలిందంటే భగ్గుమంటుంది, గదీ మిగలదు, మనమూ మిగలం. తలకు రాసుకుని వస్తే నిన్ను కూడా గేటవతలే నిలబెడతా."

ఆ రోజు నుంచి సబ్బుతో చేతులు రుద్దుకోనిదే అతను పానా పట్టలేదు.

పని మాత్రం తొందరగానే చేతికొచ్చింది. ఒక వరస గాలి పంపుతుంటే రెండోది నిండుగా సిద్ధంగా ఉండాలి. గేజులో ముల్లు దిగజారకముందే రెండో వరస మెల్లగా తెరిచి, మొదటిది మూసి, ఖాళీలు విప్పి కొత్తవి తగిలించాలి. హాల్లో ఒక రీలు అయిపోయేలోగా పక్క యంత్రం నడిపించినట్టే. అక్కడ తేడా వస్తే జనం ఈలలు వేసి గోల చేసేవారు. ఇక్కడ ఎవరూ ఈల వేయరు. వేసే ఊపిరి ఉంటే వాళ్ళకు ఈ గాలెందుకు? ఆ సంగతి తట్టాక అతను గేజు మీంచి చూపు తిప్పలేదు.

వానలు ముదిరాక అన్నకు ఊపిరాడటం కష్టమైంది. వదిన ఆటోలో ఆ ఆస్పత్రికే తీసుకొచ్చింది. కబురు తెలిసి తమ్ముడు మొదటిసారి పైకెక్కాడు. మంచం మీద అన్న సగమైపోయి ఉన్నాడు. ముక్కూ నోరూ కప్పేసిన మాస్కు, తలవైపు గోడకు, గొట్టంలోంచి వచ్చే గాలికి బుడబుడలాడే నీళ్ళ సీసా. ఈసారి గోడవైపు తిరగలేదు. తిరిగే ఓపిక లేదేమో అనుకున్నాడు తమ్ముడు.

అన్న మాస్కు కాస్త ఎత్తి, "ఇది ఎక్కణ్ణుంచి వస్తుందిరా?" అన్నాడు.

"మా గదిలోంచే, అన్నా."

అన్న ఆ సీసా వైపు చూశాడు, తమ్ముడి చేతుల వైపు చూశాడు. "మరి ఇక్కడ కూచుని ఏం వెలగబెడుతున్నావు? పో, పోయి నీ పని చూసుకో" అన్నాడు. కసిరినట్టే అన్నాడుగానీ, తమ్ముడి వేళ్ళు మాత్రం వదల్లేదు.

అప్పట్నుంచి రోజూ పైకి వెళ్ళేవాడు. ఇద్దరూ హాలు కబుర్లే చెప్పుకునేవారు. వాన పడితే బాల్కనీ కారడం, టికెట్ లేకుండా దూరబోయి అన్నకు దొరికిపోయిన పెళ్లికొడుకు. నవ్వితే అన్నకు దగ్గొచ్చేది. దగ్గొస్తే నర్సు ఇద్దర్నీ కోప్పడేది.

ఒక ఉదయం తమ్ముడు వరస మారుస్తుండగా వదిన జాలీ తలుపు దగ్గరకు వచ్చి నిలబడింది. ఎప్పుడూ అటు రాని మనిషి. ఆమె నోరు తెరవకముందే అతనికి అర్థమైపోయింది. అయినా చేతులు ఆగలేదు. రెండో వరస తెరిచి, ముల్లు నిలబడేదాకా చూసి, మొదటిది మూసి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

"వెళ్ళవయ్యా, నేను చూసుకుంటా" అంటూ మేస్త్రీ అతని చేతిలోంచి పానా లాక్కున్నాడు.

వార్డులో నర్సును అతను అడిగిందొక్కటే. "గాలి గానీ తగ్గిందా, సిస్టర్?"

"లేదండీ. గాలి సమంగానే వచ్చింది. ఆయన ఊపిరితిత్తులే అందుకోలేకపోయాయి."

అది విని గోడవార కూచున్నాడు. హాలు మూసిన రోజున రాని ఏడుపు కూడా అప్పుడే వచ్చింది. వదిన పక్కన కూచుని అతని వీపు నిమిరింది. "ఊరుకో నాయనా. తమ్ముడి గాలి పీలుస్తున్నానని పక్క మంచాల వాళ్ళందరికీ చెప్పేవారు మీ అన్న" అంది.

కర్మకాండలన్నీ అయ్యాక పనిలోకి వచ్చాడు. వారం గడవకముందే, డ్యూటీ దిగి ఇంటికి పోవాల్సినవాడు మెట్లెక్కి వార్డులోకి వెళ్లాడు. అన్న మంచం మీద ఎవరో ముసలామె మాస్కు పెట్టుకుని పడుకుని ఉంది. సీసాలో నీళ్ళు బుడబుడలాడుతున్నాయి. ఆమె ఛాతీ ఎగసి దిగడం చూస్తూ నిలబడిపోయాడు.

ఆమె కళ్ళు తెరిచి, "ఎవరి తాలూకు బాబూ?" అంది.

"ఆస్పత్రి తాలూకేనమ్మా. ఆక్సిజన్ గదిలో పనిచేస్తాను" అన్నాడు. అంతవరకూ ఎవరడిగినా సినిమా హాలు పేరే చెప్పేవాడు.

"కూర్చో" అంది ఆమె. అతను స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు.