అట్ట లోపలి పేజీ

ఆయన వేళ్లకు ఎప్పుడూ మైదా జిగురు వాసన. కూతురు చిన్నప్పుడు ఆ వాసన పట్టుకునే చీకట్లో నాన్నను వెతుక్కునేది. వీధిలో అందరూ ఆయన్ని అట్టలాయన అంటారు. గ్రంథాలయం వెనక గదిలో ముప్పై నాలుగేళ్లుగా దినపత్రికలను నెలకొక పుస్తకంగా కుడుతున్నాడు. గదికి ఒక్కటే కిటికీ. మధ్యాహ్నం రెండు దాటాక వెలుగు అందులోంచి దిగి, బల్ల మీద కాసేపు కూర్చుని, దబ్బనాన్నీ దారపు ఉండనూ పలకరించి, గోడెక్కి వెళ్లిపోతుంది.

గ్రంథాలయానికి పత్రిక రెండు కాపీలు వస్తుంది. ఒకటి చదివేవాళ్లకు. రెండోది ఎవరూ ముట్టుకోకుండా బీరువాలో ఉంటుంది. నెలాఖరుకు ఆయన కుట్టేది దాన్నే. నలిగిపోయిన మొదటి కాపీలూ ఆయన దగ్గరికే చేరతాయి. అట్ట పలచగా ఉంటే వాటిని అతికించి మందం చేసి, పైన తెల్లకాగితం వేస్తాడు. కుట్టే ముందు షీట్లన్నీ లెక్కపెడతాడు. ఆ సమయంలో మాట్లాడడు. ఎవరైనా పలకరిస్తే చూపుడువేలు ఎత్తుతాడు. ఆ వేలు లేచిందంటే లైబ్రేరియన్ అయినా గుమ్మం దగ్గర ఆగాల్సిందే.

ఆయనకు ప్రధాని అంటే గురి. గదిలో ఫొటో పెట్టుకోలేదు గానీ, మాటల్లో ఎప్పుడూ పటం కట్టే ఉండేవాడు ఆ పెద్దమనిషి. గురువారం గురువారం గదికొచ్చి ఆ పటానికి దుమ్ము దులిపేది వియ్యంకుడు. ఆయన రిటైరైన బస్సు కండక్టరు. అట్టలాయన కూతుర్ని ఆయన కొడుక్కిచ్చి పదేళ్లు దాటింది.

"బావగారూ, ఈసారి అట్టలకేసే కాలికో గుడ్డ ఎంతకి తెచ్చారు?" అని మొదలుపెట్టేవాడు కండక్టరు, స్టూలు లాక్కుంటూ.

"పెరిగింది. మిల్లువాడు పెంచితే ప్రధాని ఏం చేస్తాడు?"

"పోయినేడు తగ్గినప్పుడు ఆయన చలవే అన్నారుగా. మా డ్రైవరూ ఇంతే. బండి టైముకి చేరితే తన పనితనం, లేటయితే నేను చిల్లర ఇవ్వడంలో ఆలస్యం."

"రోడ్లెవరు వేశారండీ? గుంతల్లో మీ నడుం విరిగిన రోజులు మర్చిపోయారా?"

"వేశాడు. కాదన్నానా? ఆ రోడ్డు మీద టికెట్టు కొనడానికి జనం దగ్గర నాలుగు డబ్బులుండాలిగా. మా అబ్బాయి ఫ్యాక్టరీలో సగం మందిని ఇంటికి పంపేశారు."

"అది ప్రపంచమంతా ఉంది. ఒక్కటి చెప్పండి. ఆయన తిన్నాడని ఎవరైనా అన్నారా?"

"తినలేదు. ఒప్పుకున్నా. వంట మాత్రం మాడ్చాడు."

అట్టలాయన నవ్వు ఆపుకునేవాడు. ఎవరూ గెలవకుండానే వెలుగు గోడెక్కిపోయేది. కండక్టరు చెప్పులేసుకుని, "మనవరాలు మిమ్మల్ని ఆదివారం రమ్మంది," అని వెళ్లిపోయేవాడు.

ఎన్నికలొచ్చిన ఆ వారం మాత్రం వాదన మరో దారి పట్టింది. రెండేళ్లలో ధరలు దించకపోతే కుర్చీ దిగిపోతానని ప్రధాని మొదట్లో మాటిచ్చాడని అవతలి పార్టీవాళ్లు అన్నారు. తాను అలాంటి మాట ఏనాడూ అనలేదని ప్రధాని సభలో చెప్పాడు.

"అన్నాడు బావగారూ," అన్నాడు కండక్టరు. "మన పిల్లల పెళ్లికి ముందురోజు పేపర్లో వచ్చింది. పెళ్లింట్లో కుర్చీలు దింపుతూ చదివాను. ఈయనా కుర్చీ దింపే పనిలోనే ఉన్నాడే అనుకున్నాను."

"అనుంటే దిగేవాడు. అన్న మాట మింగే మనిషి కాదు."

"పందెమా?"

"పందెమెందుకు? పుస్తకం ఉందిగా. కుట్టింది నేనేగా."

లైబ్రేరియన్‌ను అడిగి ఆ నెల పుస్తకం తెచ్చారు. ఆమె కూడా కుతూహలం కొద్దీ వెంట వచ్చింది. అట్టలాయన జాగ్రత్తగా పేజీలు తిప్పాడు. పద్నాలుగు, పదిహేను, పదహారో తారీకులు వచ్చాయి. పెళ్లికి ముందురోజు, పదిహేడో తారీకు పత్రిక మూడో పేజీతో మొదలైంది. పైన ఉండాల్సిన షీటు లేదు.

అట్టలాయన ఆ చోట పేజీలను వెనక్కీ ముందుకీ మరోసారి తిప్పాడు.

"మీరు చింపారని నేననట్లేదు బావగారూ," అన్నాడు కండక్టరు నేల చూస్తూ. అనకపోయినా బాగుండేది.

లైబ్రేరియన్ పుస్తకం మీద చెయ్యి వేసింది. తప్పిపోబోయే పిల్లాడి భుజం మీద వేసినట్టు. "కుట్టే కాపీలుండే ఈ గది తాళం మీ దగ్గరే ఉంటుంది కదండీ," అంది మెల్లగా. "గ్రంథాలయ కమిటీకి రాయాలి మరి. ఏమని రాయను?"

"ఒక్క గంట ఇవ్వమ్మా."

వాళ్లిద్దరూ టీకి వెళ్లారు. అట్టలాయన కళ్లద్దాలు తుడుచుకుని కుట్టు మధ్యలోకి చూశాడు. కుట్టాక చింపితే దారం దగ్గర కాగితపు పీచు మిగులుతుంది. ఇక్కడ పీచు లేదు. అంటే కుట్టేనాటికే ఆ షీటు లేదు. లేనిదాన్ని ఉన్నట్టు లెక్కపెట్టిన వేళ్లు తనవే.

ఆ రోజు నెమ్మదిగా గుర్తొచ్చింది, తడి కాగితం మీద సిరా తేలినట్టు. పెళ్లయిన రెండో వారం. వియ్యంకుడు మొదటిసారి ఈ గదికి వచ్చిన రోజు. బల్లకు కుడివైపు శుభ్రమైన కాపీలు, ఎడమవైపు నలిగినవి. లెక్క మధ్యలో ఉంది. "మీ ప్రధాని ఎన్నాళ్లుంటాడంటారు బావగారూ?" అంటూ ఆయన స్టూలు లాక్కున్నాడు. వేలు లేవలేదు. పిల్లనిచ్చిన చోట, కొత్త వియ్యంకుణ్ణి నోరు మూసుకోమని ఎలా అంటారు? మర్యాదకు మాట కలిపాడు. మర్యాద వాదనైంది. వాదిస్తూనే చెయ్యి అట్టకు జిగురు పూసింది, మందానికి ఓ షీటు తీసుకుంది. ఏ వైపు నుంచి తీసుకుందో అప్పుడు చూడలేదు.

ఆయన అట్ట లోపలివైపు అరచేత్తో నిమిరాడు. తెల్లకాగితం కింద ఉందది. ఈ సంగతి లోకంలో తన ఒక్కడికే తెలుసు. అక్కడే వదిలేస్తే దొంగ అన్న మాట తన మీద మిగులుతుంది, ప్రధాని మీద ఏ మాటా పడదు. తీస్తే తాను బయటపడతాడు. పదేళ్లుగా కట్టుకున్న పటం ఏమవుతుందో తెలియదు.

వెలుగు బల్ల సగం దాటింది. ఆయన లేచి గిన్నెలో గోరువెచ్చని నీళ్లు తెచ్చాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి అట్ట మీద తడిగుడ్డ పరిచి ఉంది. "కూర్చోండి. మీ ముందే తీస్తాను," అన్నాడు. తను కుట్టిన వాటిలో అందమైన పుస్తకం అది. ముదురు నీలం గుడ్డ, పెళ్లి సంబరంలో ఉన్న చేతిపని. తెల్లకాగితం పొరలా లేచింది. దాని కింద పదిహేడో తారీకు, జిగురుకు పసుపెక్కి, బయటకొచ్చింది. ఓ మూల అక్షరాలు చెరిగిపోయాయి. మిగతావి చెక్కుచెదరలేదు.

చదవడానికి కండక్టరు ముందుకు వంగాడు. అట్టలాయన చూపుడువేలు ఎత్తాడు. తనే చదివాడు, పైకి, తడబడకుండా.

"రెండేళ్లలో ధరలు దించకపోతే ఈ కుర్చీలో కూర్చోను."

గెలిచిన కండక్టరే ముందు తేరుకున్నాడు.

"నా వల్లేనన్నమాట లెక్క తప్పింది. ఓ మాట ఆగమనుంటే ఆగేవాణ్ణిగా బావగారూ."

"కొత్త చుట్టరికం. ఎలా అంటాను?" అన్నాడు తడిగుడ్డ మడుస్తూ. "ధరలు దించలేకపోయాడు. పోనీ. అది ఒక్క మనిషి చేతిలో ఉండేది కాదు. దించలేకపోయానని ఒక్క మాట చెబితే ఈసారీ ఓటు ఆయనకే వేసేవాణ్ణి. అనలేదని ఎందుకన్నాడండీ?"

కండక్టరు ఆ తడి షీటు ముడతను వేలితో సరిచేశాడు.

లైబ్రేరియన్ కమిటీకి ఏం రాయాలో అట్టలాయనే చెప్పాడు: "లెక్క తప్పింది నేనే అని రాయమ్మా. పదేళ్లు ఆలస్యంగా దొరికిందని కూడా."

నాలుగు రోజుల్లో పుస్తకం మళ్లీ కుట్టాడు. పదిహేడో తారీకు తన చోటికి వచ్చింది, కొంచెం ముడతపడి, మిగతా పేజీల కంటే పచ్చగా.

తర్వాతి గురువారం నెలాఖరు. కండక్టరు వచ్చేసరికి షీట్ల లెక్క నడుస్తోంది. ఏదో అనబోతే వేలు లేచింది. ఆయన చెప్పులు విడిచి, స్టూలు చప్పుడు కాకుండా లాక్కున్నాడు. లెక్క అయ్యాక అట్టలాయన ఆ కట్టను బల్ల మీద ఆయన వైపు జరిపాడు. ముప్పై ఏళ్లు టికెట్లు చింపిన బొటనవేలిని కండక్టరు నాలుకకు తడి చేసుకుని, పెదవులు బిగించి, మొదటి నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఇద్దరి మధ్యా బల్ల మీద వెలుగు కూర్చుంది.

చివరి షీటు మీద వేలు ఆగింది. రెండు లెక్కలూ కలిశాయి.

"ఇప్పుడు చెప్పండి బావగారూ," అన్నాడు అట్టలాయన, దారం ఎక్కిస్తూ. "ఏదో అనబోయారు."