సుజాతకు నేను కుదిర్చిన పెళ్లి

నేను చేస్తున్న ఉద్యోగం నాది కాదు. ఈ మాటను ఇన్నేళ్లుగా లోపలే మోస్తున్నాను. అమ్మకు చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే, రేపు బజారులో ఎదురుపడినా నేనేనని మీరు పోల్చుకోలేరు.

డిగ్రీ అయిన ఏడాది నేను, సుజాత అనంతపురంలో ఒకే గదిలో ఉండేవాళ్లం. కాలేజీ స్నేహం. మాది కుందుర్పి వైపు, వాళ్లది యాడికి అనే ఊరు. రెండూ వానను నమ్ముకున్న ఇళ్లే. ఉద్యోగం దొరక్కపోతే తిరిగి శనక్కాయ చేలోకేనని ఇద్దరికీ తెలుసు.

ఎండలు ముదిరేనాటికి ఆమె మారింది. లేక నాకలా అనిపించిందా? మధ్యాహ్నం కాగానే మంచి చుడీదారు వేసుకుని బయలుదేరేది. ఎక్కడికని అడిగితే "ఈడికేలే" అనేది. ఫోను మోగితే మిద్దె మీదికెక్కి మాట్లాడేది. తిరిగొచ్చాక ఆమె బట్టల్లో ఫినాయిలు వాసన. అప్పుడే తుడిచిన ఆఫీసు గదుల వాసన అది అనుకున్నాను. ఎవరో పెద్దమనిషిని పట్టుకుంది, నాకు తెలియకుండా ఎక్కడో ఉద్యోగంలో కుదురుకుంటోంది. ఒకసారి అలా అనుకున్నాక ఇక అన్నీ సాక్ష్యాలే. నవ్వితే దాస్తోందని, నవ్వకపోతే పని చెడిందని. నేరుగా అడగొచ్చు కదా అంటారా? అడిగితే అబద్ధమే చెబుతుందని ముందే తీర్మానించుకున్నాను.

ఆ రోజుల్లోనే పొలాలకు డ్రిప్పు పైపులు అమ్మే ఒక కంపెనీలో ఇంటర్వ్యూకి ఇద్దరం వెళ్లాం. ఉన్నది ఒకటే ఉద్యోగం. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మేనేజరు నాకు ఫోన్ చేశాడు. తన ఫోను కలవకపోతే చేయమని సుజాత నా నంబరు ఇచ్చిందట.

"సుజాత ఫోను స్విచ్చాఫ్ వస్తాండాదమ్మా. సోమవారం వచ్చి చేరమని చెప్తావా?"

"ఆమెకు పెళ్లి కుదిరింది సార్. బెంగళూరు పోతాది. మీకు చెప్పలేదా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇంటర్వ్యూలో ఒక్క మాటా అనలేదే! సరే, నువ్వూ వచ్చినావు కదా. నువ్వు చేరతావా?"

"చేరతా సార్."

అసూయతో నోరు జారిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. జారలేదు. నోరు జారినవాళ్లు బెంగళూరు అని ఊరి పేరు కూడా వెతికి చెబుతారా?

ఉద్యోగం వచ్చిందని ఆ సాయంత్రం చెబితే సుజాత నన్ను గట్టిగా వాటేసుకుంది. తర్వాత తలుపు మూసి, గొంతు తగ్గించింది.

"మా నాయన పెద్దాసుపత్రిలో ఉండాడే. టీబీ. ఓనరమ్మకు తెలిస్తే మనిద్దర్నీ గది ఖాళీ చేయమంటాదని నీకు గూడా చెప్పలేదు. వార్డులో తిడతారని ఫోను ఆపేసి పెడతాండా."

సోమవారానికి ఇంకా వ్యవధి ఉంది. మేనేజరు నంబరు నా ఫోనులోనే ఉంది. అనుమానం ఆ క్షణమే పోయింది. ఉద్యోగం మీద ఆశ పోలేదు. అంటే ఆ తప్పు నాచేత చేయించింది అనుమానమేనా, లేక అది నాకు దొరికిన సాకు మాత్రమేనా? ఇప్పటికీ తేల్చుకోలేను. సోమవారం వెళ్లి చేరాను.

ఆమె నాయనను తీసుకుని సొంతూరికి వెళ్లిపోయింది. ఆయన బతికాడు గానీ బరువు పనులు చేయలేడు. సేద్యం ఆమె నెత్తిన పడింది.

పోయిన ఏడాది, పొలానికి డ్రిప్పు వేయించుకోవాలని మా ఆఫీసుకే వచ్చింది. మేనేజరు అప్పటి ఆయనే. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. పేరు అడిగి ఆయన తేరిపార చూశాడు.

"నువ్వు పెళ్లి చేసుకొని బెంగళూరు పోతావని కదమ్మా, ఆ పొద్దు ఉద్యోగం ఈయమ్మకు ఇచ్చినాము?"

సుజాత నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో తెలియదు, నేను కంప్యూటరు వైపు తిరిగిపోయాను.

"ఆ సంబంధం తప్పిపోయిందిలే సార్," అంది.

పని చూసుకుని, గేటు దగ్గర "వస్తానే" అని మామూలుగానే వెళ్లింది. అప్పటినుంచి అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంది. పిల్లలెట్లుండారని అడుగుతుంది. ఆ సంగతి మాత్రం ఎత్తదు. ఎందుకెత్తదు? నా బతుకు చెడకూడదనా? నేనే నోరు విప్పే రోజు కోసం కాచుకుని ఉందా? చూడండి, ఆమె మంచితనాన్ని కూడా అనుమానిస్తున్నాను. ఆ గదిలో ఏ కళ్లతో చూశానో ఇప్పుడూ ఆ కళ్లతోనే చూస్తున్నాను.

ఆమెకు చెప్పాలి. ఫోన్ చేస్తాను, వానలెట్లున్నాయని అడుగుతాను, పెట్టేస్తాను. చెబితే క్షమిస్తుందేమోనని కూడా భయమే. ఇక్కడ మాత్రం ఒక్కసారి పూర్తిగా రాస్తున్నాను. సుజాతకు ఏ పెళ్లీ కుదరలేదు. ఆ ఉద్యోగం ఆమెది. నేను అబద్ధమాడి తీసుకున్నాను.