జీతగాళ్ల బీమా, మా ఇంటి టీబీ

మిరియాలు కోసే రోజుల్లో ఒక పొద్దున మా ఆయన బాలన్న నిచ్చెన సగం ఎక్కి ఆగిపోయాడు. మా కాఫీ తోటలో సిల్వర్ ఓక్ చెట్లకు మిరియం తీగలు పాకించాం. అలాంటి చెట్లు రోజుకు పదీ పన్నెండూ ఎక్కి కోసే మనిషి ఆ రోజు నిచ్చెనను రెండు చేతులా పట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు. ఎలాగో దిగి కూర్చుని ఒక ఆకు మీద ఉమ్మాడు. ఎర్రగా కనిపించింది.

“వక్క నమిలేవా మావా?” అని అడిగాను.

“పొద్దున్నుంచి ఏటీ తిననేదే,” అన్నాడు.

దగ్గు అప్పటికి రెండు నెలలుగా ఉంది. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. మంచులో తడిసి కాఫీ పళ్లు కోసినందువల్ల వచ్చిందనుకున్నాం. మర్నాడు కొండ కిందనున్న పీహెచ్‌సీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. కళ్లె పరీక్ష చేశారు. డాక్టరుగారు కాగితం చూసి, “పాజిటివ్ వచ్చిందమ్మా. టీబీ. భయపడొద్దు, తగ్గుతుంది. ఆరు నెలలు మాత్రలు వాడాలి. రెండు నెలలకే బాగైపోయినట్టు ఉంటుంది, చాలామంది అక్కడే మోసపోతారు. ఆపకూడదు. బరువు పని వద్దు,” అన్నారు.

మా ఆయన ముందుగా అడిగింది రోగం గురించి కాదు. “మరి వాయిదా ఎలాగ బాబూ?” అన్నాడు. డాక్టరుగారికి అర్థం కాలేదు. నేనే మా ఆయన మోచెయ్యి పట్టుకుని, “బీమా ఉంది గదా మావా,” అన్నాను.

ఆ బీమా సంగతి చెప్పాలి. అంతకు ముందటేడు తోట పెట్టుబడికి బ్యాంకులో రైతులకిచ్చే క్రెడిట్ కార్డు మీద అప్పు తీసుకున్నాం. చేతికి డబ్బు ఇచ్చేటప్పుడే అందులోంచి బీమాకని కొంత కోసేశారు. ఎందుకని అడిగితే కౌంటరులో ఉన్నాయన, “నువ్వు మంచం పట్టినా, చెట్టు మీంచి పడినా, వాయిదాలు కంపెనీయే కడతాది. నీకేటి బెంగ?” అన్నాడు. మా ఆయన సంతోషంగానే వేలిముద్ర వేశాడు. పాలసీ కాగితం ఇవ్వలేదు. ఇవ్వాలని మాకూ తెలియదు.

అందుకే జబ్బు తెలిసిన వారం, సంత రోజున, టీబీ కార్డు పట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. “పైకి పంపుతాం,” అన్నారు. ఇంటికొచ్చి ఆయనకు అదే చెప్పాను. రెండు నెలలు మనశ్శాంతిగా మాత్రలు మింగాడు. దగ్గు తగ్గింది. బుగ్గలు కొంచెం నిండాయి.

అప్పుడు నోటీసు వచ్చింది. వాయిదా మొత్తం మేమే కట్టాలట. నేను పరుగున వెళ్తే, “మీకు రాదంటన్నారమ్మా కంపెనీవాళ్లు,” అన్నారు. ఎందుకు రాదో ఎవరూ చెప్పలేదు.

మూడో రోజు మా ఆయన మూట కట్టుకున్నాడు. మైదానంలో రోడ్డు పని ఉందట.

“మాత్రలో?” అన్నాను.

“బాగానే ఉన్నాను గదే. తోటని ఒగ్గెయ్యమంటావేటి?”

నేను వాకిట్లో అడ్డం నిలబడి ఉంటే బాగుండేది. నిలబడలేదు. దారిలో తినడానికి గంటెలు, అంటే సజ్జలు, ఉడకబెట్టి మూటలో పెట్టాను.

నాలుగు నెలలకు తిరిగొచ్చాడు. సంపాదించినదంతా వాయిదాకి కట్టేశాం. అప్పటికి మనిషి సగమయ్యాడు. గిన్నెలో ఉమ్మితే గిన్నె నిండా రక్తమే. డాక్టరుగారు కోప్పడలేదు. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి, “ఎడమవైపు బాగా పాడైంది. ఇప్పుడు కేటగిరీ టూ, మధ్యలో ఆపేసినవాళ్లకిచ్చే మందులు. ఎనిమిది నెలలు. మొదటి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ కూడా. చెవుల్లో మోత వచ్చినా, తల తిరిగినా వెంటనే చెప్పాలి,” అన్నారు.

వారానికి మూడు ఇంజెక్షన్లు. నడవలేని రోజు నేనూ మా వదిన దేవుడమ్మా దుప్పటిని కర్రకు కట్టి, అందులో ఆయన్ని కూర్చోబెట్టి ఆసుపత్రికి దించేవాళ్లం. చలికాలం. ఒకరోజు ముంగిట్లో మంట దగ్గర కూర్చుని, “ఈయేడు కీచురాళ్లు తెగ అరుత్తన్నాయే,” అన్నాడు. నేను కుండ కడుగుతూ ఊఁ అన్నాను. నాకు ఏ చప్పుడూ వినిపించలేదు. అంత చలిలో కీచురాళ్లు అరవవని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. అయినా ఆ మాట దగ్గర ఆగి ఆలోచించలేదు. అడవిలో బతికేవాళ్లం, చెవిలో అడవి చప్పుడు ఉంటే అది జబ్బని మాకు తట్టలేదు. ఆ మాట డాక్టరుగారికి చెప్పేనాటికి ఇంజెక్షన్లు పూర్తికావచ్చాయి. డాక్టరుగారు మా ఆయన వెనక నిలబడి చప్పట్లు కొట్టారు. మా ఆయన తల తిప్పలేదు.

“మోత వస్తే చెప్పమన్నాను కదమ్మా,” అన్నారు డాక్టరుగారు. ఇంజెక్షన్ ఆపేశారు. పోయిన వినికిడి రాలేదు.

ఆ చలికాలమే మా ఊళ్లో పెద్దవాళ్లకు సాయంత్రం బడి పెట్టారు. నాకు నలభై దాటాయి. నోటీసులో ఏముందో ఇంకొకరిని అడగకూడదని వెళ్లాను. మూడు నెలలకు కూడబలుక్కుని చదవడం వచ్చింది. బీమా ఎందుకు రాదో నేనే చదువుకుందామని బ్యాంకులో ఆ కాగితం అడగడం మొదలుపెట్టాను.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ పండగకి మగవాళ్లు వేటకు పోతారు. ఆడవాళ్లం రోడ్డుకు అడ్డంగా దుంగ పెట్టి, పాడుతూ, వచ్చేపోయే బండ్లను ఆపుతాం. ఎంతటివాళ్లైనా ఏదో ఒకటి ఇచ్చాకే దుంగ తీస్తాం. ఆ ఏడు మా దుంగ దగ్గర బ్యాంకు మేనేజరుగారి జీపు ఆగింది. ఆయన నవ్వుతూ పది రూపాయలు ఇవ్వబోయారు.

“బేగి తియ్యండమ్మా, మీటింగుంది.”

“పది రూపాయలు ఆరుగురం ఏటి పంచుకుంటాం బాబూ? బ్యాంకంతా మీదే గదా!” అంది మా దేవుడమ్మ వదిన. అందరూ నవ్వారు.

నేను ముందుకు వెళ్లి, “నాకు డబ్బులొద్దు బాబూ. మా బాలన్న బీమా కాగితం ఇయ్యండి,” అన్నాను.

“కాగితాలు జేబులో పెట్టుకు తిరుగుతానేటమ్మా? సంత రోజు రా.”

“ఏడు సంతలు తిరిగేను. అలమరా తాళం నేదన్నారు.”

దేవుడమ్మ వదిన వెళ్లి దుంగ మీద కూర్చుంది. “మా దుంగకీ తాళం పోనాది బాబూ. ఎతికి తెత్తాం, కూకోండి.”

మిగిలినవాళ్లు పాట ఎత్తుకున్నారు. చివరికి ఆయన చీటీ రాశారు. నేను అక్షరాల మీద వేలు పెట్టి పైకే చదివాను: “ఈమెకు పాలసీ నకలు ఇవ్వండి.”

“చదువుతావా?” అన్నారాయన.

“ఆలీసం అవుద్ది గానీ సదువుతాను బాబూ.”

దుంగ తీశాం.

కాగితం వెనకవైపు తెలుగు ఉంది, ఆవగింజలంత అక్షరాలు. రెండు రోజులు చదివాను. జబ్బు చేస్తే వాయిదా కట్టే సౌకర్యం నెలజీతం ఉన్న ఉద్యోగులకు మాత్రమేనట. ముందువైపు, వృత్తి అన్న చోట, బ్యాంకాయన చేతిరాతతో ‘వ్యవసాయం’ అని ఉంది. అంటే మాకు ఏనాటికీ రాదని ఆ కాగితానికి మొదటి రోజే తెలుసు.

బ్యాంకుకు నేనే ఉత్తరం రాశాను. “వ్యవసాయం అని మీరే రాశారు. జీతం ఉన్నవాళ్లకే అని మీ కాగితమే చెబుతోంది. మరి మాకెందుకు అమ్మారు? కోసిన డబ్బు, దాని మీద వేసిన వడ్డీ తిరిగి ఇవ్వండి.” రిజిస్టరు పోస్టులో పంపాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. మూడోసారి పట్నంలోని వాళ్ల పెద్దాఫీసుకు రాశాను. వానలు వెళ్లాక పిలిచారు. బీమాకు కోసినదీ, వడ్డీ తిరిగి ఇచ్చారు. రసీదు మీద నేను సంతకం పెట్టాను.

ఆ డబ్బు, మా ఆయన రోడ్డు పనికి వెళ్లి కట్టిన వాయిదాకు కాస్త తక్కువ. ఇంటికొచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. చూసి, గట్టిగా అన్నాడు. ఇప్పుడు ఏదైనా గట్టిగానే అంటాడు. “ఇది అప్పుడే మన కాడ ఉంటే నేను దిగువకి ఎల్లేవోణ్ని కాదు గదే.” నేను తల ఊపాను. వేరే మాట చెప్పినా ఆయనకు వినిపించదు.

టీబీ తగ్గింది. కళ్లెలో ఏమీ లేదు. కానీ నాలుగడుగులు ఎక్కితే ఆయాసం. మిరియం చెట్లు నేను ఎక్కుతున్నాను, ఆయన కింద నిచ్చెన పట్టుకుంటాడు. పైనుంచి నేను కేక వేస్తే వినబడదని నా పాదాల వైపే చూస్తూ నిలబడతాడు. పిలిస్తే పలకడు, పొగరని కొత్తవాళ్లు అనుకుంటారు.

చదివేవాళ్లకు ఒకటే చెబుతాను. ఇంట్లో ఎవరైనా ఇలాంటి మాత్రలు మొదలుపెడితే, ఆ వారంలోనే మీ అప్పు తాలూకు బీమా కాగితం తెచ్చుకుని, ఎవరికి ఇవ్వరో రాసిన చోటు చదువుకోండి, రాకపోతే చదివించుకోండి. మాకు అప్పుడు నాలుగు మేకలుండేవి. వాయిదా బీమావాళ్లు కడతారు కదా అని, వాటిని అమ్మి ఆయనకు గుడ్లూ పాలూ కొన్నాం. మొదటి వారమే నిజం తెలిసి ఉంటే ఆ మేకలు వాయిదాకి పోయేవి, మా ఆయన గంజి తాగుతూనైనా ఇంట్లో ఉండి ఆరు నెలలూ మాత్రలు మింగేవాడు.