మా కోసం గడ్డి తగ్గించారట!

మోండా మార్కెట్లో మాది స్టీలు సామాన్ల కొట్టు. పోయిన నెల ఒక గురువారం మధ్యాహ్నం ఒకావిడ కొన్న ఇడ్లీ పాత్ర మీద మిషన్‌తో పేరు కొడుతున్నాను. అంతలో ఫోను మోగింది. మేం వారానికోసారి వెళ్ళే గోల్ఫు మైదానం వాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక ప్రకటన: "శనివారం లేడీస్ డే. మహిళల సౌకర్యార్థం రఫ్‌ను రెండంగుళాలకు తగ్గిస్తున్నాం. ఆ రోజు స్కోర్లు బోర్డుపై నమోదు కావు." నాకు ఒళ్ళు మండిపోయింది. అరుణకుమారి అని కొట్టాల్సిన చోట అరుణ దగ్గరే మిషన్ ఆగిపోయింది. ఆవిడ మంచిది కనుక, "ఇంట్లో అలాగే పిలుస్తార్లెండి" అని తీసుకుపోయింది.

గోల్ఫు ఆడనివాళ్ళకు రెండు ముక్కలు చెప్పాలి. బంతి వెళ్ళాల్సిన దారిని నున్నగా కోసి ఉంచుతారు. ఆ దారికి అటూ ఇటూ కావాలనే పెంచే గడ్డిని రఫ్ అంటారు. దారి తప్పిన బంతికి అదే శిక్ష. ఆ గడ్డి ఎంత పొడుగుండాలో ఏ మైదానం వాళ్ళు ఆ మైదానానికి పెట్టుకుంటారు. మా సెక్రటరీ గారు కొత్తగా వచ్చినవాళ్ళందరికీ "మా రఫ్ బెత్తెడమ్మా, ఆషామాషీ కాదు" అని చెప్పుకుని మురిసిపోతుంటారు. చిటికెనవేలు కిందికి ఉండేలా అరచేతిని నిలువుగా నేల మీద ఆనిస్తే బొటనవేలు కాక మిగిలిన నాలుగు వేళ్ళ ఎత్తు, సుమారు మూడంగుళాలు. వరండాలో పెద్ద టేకు బోర్డు మీద గెలిచినవాళ్ళ పేర్లు బంగారు రంగుతో రాస్తారు. అందులో ఒక్క ఆడపేరు లేదు. మాతో ఆడే సునీత పోయినేడు లేడీస్ డేలో గెలిచింది, ఆమె పేరూ లేదు. అదేమని అప్పుడు సెక్రటరీ గారిని అడిగితే, "రఫ్ తగ్గించాక అది అదే కోర్సు కాదు కదమ్మా" అన్నారు. సరే, "అయితే ఈసారి తగ్గించకండి" అని గ్రూపులో రాశాను. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి జవాబుగా వచ్చింది. గడ్డి తగ్గించమని మేం అడిగామా? మా కోసమని వాళ్ళే తగ్గించి, తగ్గించారు కనుక లెక్కలోకి రాదని వాళ్ళే అంటారు. ఈసారి గెలిచినవాళ్ళ పేరు ఆ బోర్డెక్కాల్సిందేనని, ఆ పేరు నాదే కావాలని పంతం పట్టి బయల్దేరాను.

శనివారం తెల్లవారి అయిదుంబావుకు మార్కెట్ దగ్గర ఆటో ఎక్కాను. కూరగాయల లారీలు అప్పుడే ఖాళీ అవుతున్నాయి. ఆరు దాటితే ఆ సందులోంచి ఆటో బయటపడదు కనుక ఆలస్యం చేయకండి. బస్సులోనూ వెళ్ళొచ్చు గానీ, కర్రల సంచి చూస్తే కండక్టరు మొహం చిట్లిస్తాడు. ఆటోకు మూడు వందలు, నేరేడ్‌మెట్ మీదుగా నలభై నిమిషాలు. డ్రైవరు సంచి వంక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి ఉండబట్టలేక అడిగాడు.

"ఏందమ్మా గది?"

"గోల్ఫు కర్రలు."

"గదా! నాకొకటి సమజ్ గాదమ్మా. గంత గడ్డి పెంచుడెందుకు, మళ్ళ అండ్ల బాలు పోయిందని పరేషాన్ అవుడెందుకు? జెర కోస్తె అయిపాయె."

"నేను వెళ్ళేది ఆ గడ్డి గొడవకే. కోయొద్దని చెప్పడానికి."

"కోయొద్దని కొట్లాటనా!" అని నవ్వి, నేరేడ్‌మెట్ చౌరస్తా దాటేదాకా నవ్వుతూనే ఉన్నాడు. దిగేటప్పుడు మాత్రం, "గెలువుండ్రి మరి" అన్నాడు.

యాప్రాల్ దాటాక ఉంది మైదానం. పేరు రాయడం లేదు. అక్కడ గడ్డి కోసే ఆవిడ ఇంకా అక్కడే పనిచేయాలి కదా. తొమ్మిది గుంతల చిన్న మైదానం. శనాదివారాల్లో సభ్యులు కానివాళ్ళకు ఎనిమిది వందలు. కర్రలు లేకపోతే మూడు వందలకు అద్దెకిస్తారు. నేను వెళ్ళేసరికి సునీత వచ్చేసి బూట్ల లేసులు కట్టుకుంటోంది. రైల్వేలో పనిచేస్తుంది. నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది, నాకున్న నోటిలో పావు వంతు కూడా లేదు. "పోనియ్ అక్కా, ఆడుకొని పోదాం. బోర్డు గిర్డు మనకెందుకు" అంది. ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది.

సెక్రటరీ గారు వరండా మెట్ల మీదే ఎదురయ్యారు. కోపగించుకోవడానికి వీల్లేనంత మర్యాదస్తుడు, అసలు ఇబ్బందే అది. "రండమ్మా, రండి. గడ్డి మొత్తం కోయించేశాం. మీకు హాయిగా ఉంటుంది" అన్నారు. క్యాంటీన్‌లో మా కోసం ప్రత్యేకంగా పుచ్చకాయ ముక్కలు, వేలెడంత శాండ్‌విచ్‌లు పేర్చి ఉన్నాయి. రోజూ మగవాళ్ళకు వేసే పచ్చిమిర్చి ఆమ్లెట్ లేదా అని వంటాయనను అడిగాను. "ఈ రోజు లేడీస్‌కు లైట్‌గ పెట్టమన్నరు మేడం" అన్నాడు. "రెండు గుడ్లు, నాలుగు మిరపకాయలు" అన్నాను. అతను నవ్వి పెనం ఎక్కించాడు. ఆ ఆమ్లెట్ డెబ్బై రూపాయలు, తినకుండా రాకండి.

ఎనిమిదిమందిమి ఏడింటికి మొదలుపెట్టాం. తక్కువ దెబ్బల్లో తొమ్మిది గుంతల్లోనూ బంతి వేసినవాళ్ళు గెలిచినట్టు. మొదటి రెండు గుంతలు బాగానే పోయాయి. మూడో గుంత దగ్గర నా బంతి కుడివైపు గడ్డిలో పడింది. నడిచి వెళ్ళి చూస్తే బంతి కనబడదే! సరిగ్గా దాని మీదికి వంగితేగానీ దొరకలేదు. కొట్టాను, మూరెడు జరిగింది. మళ్ళీ కొట్టాను, అక్కడే గిరికీ కొట్టి ఇంకో గడ్డి దుబ్బులో దూరింది. మూడో దెబ్బకు బయటపడింది.

నిజం చెప్తున్నాను, అప్పుడు నాకు ఏడుపొచ్చింది. రెండంగుళాలకు కోసిన గడ్డిలోంచి బంతిని లేపలేనిదాన్ని గ్రూపులో అంత నోరెందుకు పారేసుకున్నాను? ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చేతగానితనాన్ని వాళ్ళ మర్యాద మీదికి తోశానా? సునీత నీళ్ళ సీసా అందిస్తే తీసుకోలేదు. నాలుగు, అయిదు, ఆరు గుంతలు పళ్ళు బిగించి ఆడాను. కర్ర పొట్టిగా పట్టుకుని నిటారుగా పైనుంచి కొట్టడం ఆ ఉక్రోషంలోనే అలవాటైంది.

ఏడో గుంత పక్కన బాలమణి కూర్చుని ఉంది. పదకొండేళ్ళుగా ఆ మైదానంలో గడ్డి కోసేది ఆమే. భుజాన తగిలించుకునే మిషన్ పక్కన పెట్టి సజ్జరొట్టె తింటోంది. నా బంతి మళ్ళీ ఆమె దగ్గరి గడ్డిలోనే పడింది. "ఇంత కోసినా ఇలా మింగేస్తోందేంటి బాలమణీ మీ గడ్డి!" అన్నాను.

"ఎవరు కోసిండ్రమ్మా?"

"నువ్వే కదా. రెండంగుళాలకు కోయించామన్నారు."

"నేను కొయ్యలే." ఆమె రొట్టె పక్కన పెట్టి చెయ్యి నేల మీద నిలువుగా ఆనించింది. గడ్డి కొనలు సరిగ్గా చూపుడువేలి మీదికి వచ్చి ఆగాయి. "చూడుండ్రి, బెత్తెడు. ఎప్పటి లెక్కనే. బాలు మీదికెల్లి చూస్తె కనబడాలె, పక్కకెల్లి చూస్తె కనబడొద్దు. నాకు తెల్సిన లెక్క గదే."

"మరి కోయమన్నారుగా?"

"అన్నరు. వానలు బందై పదిరోజులాయె. గిప్పుడు ఒక్కపారి సగం కోస్తె ఎర్రగయితది, మధ్యల పిచ్చిగడ్డి మొలుస్తది. పోయినేడు మీ ఆటకు గిట్లనే కోయించిండ్రు. మూడు నెలలు నాకు తిట్లు. అందుకే ఈసారి ఊకున్న."

నా గుండెలో బరువంతా దిగిపోయింది. మేం ఆడుతున్నది మగవాళ్ళు ఆదివారాలు ఆడే గడ్డిలోనే! ఆ వెంటనే భయమేసింది. ఈ సంగతి బయటపెడితే ఆమె పనికి ఎసరు. "నేనెవరికీ చెప్పను" అన్నాను. బాలమణి నా వంక జాలిగా చూసింది. "చెప్పుండ్రి. దాసుడెందుకు? నేను సుత వస్త. గడ్డి ఎండితె తిట్లు నాకే, ఎండకపోతె సుత నాకేనా?"

తొమ్మిదిన్నరకు ఆట అయిపోయింది. సునీత నలభై తొమ్మిది, నేను యాభై. మిగతావాళ్ళు మా వెనక. ఒక్క దెబ్బ తేడాతో ఓడాను. కడుపు మండింది, ఎందుకు అబద్ధం చెప్పాలి? అయినా స్కోరు కార్డులు పట్టుకుని వరండా ఎక్కాను, వెనక బాలమణి, ఆమె వెనక ఏడుగురూ. గడ్డి కోయలేదని, ఎందుకు కోయలేదో బాలమణే చెప్పింది.

సెక్రటరీ గారు నమ్మలేదు. మెట్లు దిగి, పక్కనే ఉన్న మొదటి గుంత రఫ్‌లో తన చెయ్యి ఆనించారు. ఆయనది పెద్ద చెయ్యి. గడ్డి మూడు వేళ్ళ దగ్గరే ఆగింది. "చూశారామ్మా, బెత్తెడు లేదు. తగ్గినట్టే కదా" అన్నారు తృప్తిగా.

బాలమణి ఆయన పక్కనే కూర్చుని తన చెయ్యి ఆనించింది. గాజులు గలగలమన్నాయి. గడ్డి నాలుగో వేలికి సరిగ్గా వచ్చింది. "పదకొండేండ్ల సంది గిదే సార్. మీ ఆదివారం ఆటకు సుత గిదే. నన్ను బెత్తెడు ఉంచమన్నరు, నా చెయ్యే పెట్టిన. కోసేటోళ్ళ బెత్తెడే బెత్తెడు."

అప్పుడు నేనందుకున్నాను. "ఇది తగ్గినట్టే అంటే సెక్రటరీ గారూ, ఆ బోర్డు మీద పదకొండేళ్ళ పేర్లూ తుడిచేయించండి. ఇది అసలు కొలతే అంటే సునీత పేరు రాయించండి. ఏదో ఒకటి ఇప్పుడే చెప్పండి. ఇంకోమాట, బాలమణిని ఎవరైనా ఏమన్నా అంటే వచ్చే శనివారం ఎనిమిదిమందిమీ ఇదే మెట్ల మీద కూర్చుంటాం." వరండాలో టీ తాగుతున్న పెద్దమనుషుల్లో ఒకాయన పేరు కూడా ఆ బోర్డు మీదుంది. ఆయన గబగబా, "రాయించండి, రాయించండి" అన్నారు. సెక్రటరీ గారు బోర్డు వంక చూసి, "పెయింటరు జనవరిలోగానీ రాడమ్మా" అన్నారు.

జనవరి దాకా ఆగేదాన్నయితే కొట్టు నడపలేను. మరుసటి శనివారం మా కొట్లోంచి ఒక స్టీలు పళ్ళెం తీసుకెళ్ళాను. దాని మీద నా చేత్తోనే పేరు కొట్టాను, ఈసారి సగంలో ఆపకుండా: "సునీత, 49 దెబ్బలు. రఫ్: బాలమణి బెత్తెడు." టేకు బోర్డు కింద మేకు కొట్టి తగిలించాను. ఎవరూ అడ్డు రాలేదు. సునీత మాత్రం, "మనకెందుకక్కా" అనడం మర్చిపోయి, చున్నీతో ఆ పళ్ళాన్ని రెండుసార్లు తుడిచింది.

ఇంటికొచ్చాక లెక్క వేసుకుంటే ఒకటి తేలింది. మూడో గుంత దగ్గర నాకు అదనంగా రెండు దెబ్బలు పడ్డాయి. చెప్పినట్టు బాలమణి గడ్డి కోసి ఉంటే ఆ రెండూ తగ్గి నేనే గెలిచేదాన్ని, ఎవరూ లెక్కపెట్టని గెలుపు. ఆమె కోయలేదు కనుక ఓడిపోయాను. ఆ ఓటమి మీద నాకు కోపం ఉంది, అయినా లెక్కలోకి వచ్చిన ఆ ఓటమిని ఎవరికీ ఇవ్వను. రఫ్ ఎంత ఉండాలని ఎవరైనా అడిగితే ఒకటే చెబుతాను: ఎంతైనా ఉండనివ్వండి, అందరికీ అంతే ఉండాలి.

మీరు అక్కడికి వెళ్తే, ఆట మొదలుపెట్టకముందే రఫ్‌లో చెయ్యి ఆనించి చూసుకోండి. గడ్డి మూడు వేళ్ళు దాటితే పొడుగు కర్ర సంచిలోనే ఉంచి, పొట్టిదాన్ని పట్టుకుని పైనుంచి కొట్టండి. చెయ్యి ఆనించినప్పుడు ఒకసారి తలెత్తి వరండా వైపు కూడా చూడండి. పళ్ళెం నిన్నటిదాకా అక్కడే ఉంది. ఎవరైనా తీసేసి ఉంటే నాకో మాట చెప్పండి. కొట్టు నిండా పళ్ళాలే.