మా దానమ్మమ్మ, ఒక వేరుశనగ పద్యం

బహ్రెయిన్ దీవి మొత్తంమీద, ఆ మాటకొస్తే భూగోళం మీదే, మా దానమ్మమ్మ అంత తప్పుగా పద్యం చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదు. పోటీ పెడితే రెండో బహుమతి కూడా ఆవిడకే ఇవ్వాలి. నేను పదో తరగతిలోనే చదువుకు ఖలాస్ చెప్పినవాణ్ణి. నాకే ఆ తప్పులు తెలిసేవంటే అవి ఎంత పెద్దవో ఊహించండి.

మా అమ్మ నర్సు. నన్ను పెంచడానికని కాకినాడ నుంచి రిఫాలోని మా ఫ్లాటుకు వచ్చిన అమ్మమ్మ, మా తెలుగు చర్చి సంఘంలోని పిల్లలందరికీ అమ్మమ్మ అయిపోయింది. తినేది ఏది కనబడినా పిల్లల్ని పోగేసి దానిమీద పద్యం కడుతుంది.

"బంగాళదుంపా, బంగాళదుంపా, చిటారుకొమ్మన ఊగేవా?"

"అమ్మమ్మా, అది మట్టిలో ఉంటుంది."

"మట్టిలో ఉంటే బురదంటుకోదా? సరే, మీరే చెప్పండి."

పిల్లలు దిద్దుతారు, ఆవిడ మళ్ళీ తప్పు చెప్తుంది, వాళ్ళు ఇంకా గట్టిగా అరుస్తారు. కింది ఫ్లాటువాళ్ళు తలుపు కొట్టేసరికి పద్యం పూర్తవుతుంది.

ఈసారి చర్చి కోతపండుగకు సండేస్కూలు టీచరు విజయరాణిగారు ఒక ఆలోచన చేశారు. మిరప, టమాటా, మొక్కజొన్న, బొప్పాయి, మనవే అనుకునేవన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవట. ఒక్కో బిడ్డ ఒక్కోటి చేతబట్టుకుని పద్యం చెప్పాలి. అమ్మమ్మ ముందు ఒప్పుకోలేదు. "గుంటూరు మిరపకాయ పరాయిదా? ఎవరన్నారా మాట?" కాసేపటికి తనే మెత్తబడింది. "పోనీలే. మనమూ సముద్రం దాటొచ్చినోళ్ళమేగా."

వేరుశనగ మా సంఘంలోని జయకర్ కూతురు క్రిస్టీనాకు పడింది. అక్కడే వచ్చింది చిక్కు. పోయిన క్రిస్మస్ నాటికలో మాట తడబడి, అందరూ నవ్వితే, ఆ పిల్ల ఆరోజు నుంచి ఇల్లు దాటితే నోరు విప్పడం లేదు. బడిలోనూ అంతే.

"ఇంట్లో గడగడా చెప్పేస్తదండీ," అన్నాడు జయకర్ మాతో, పండుగనాడు మనామాలోని జింజ్‌లో మేం ప్రార్థనకు కూడుకునే హాలు గుమ్మంలో. "ఇయ్యాల కూడా మాట్లాడకపోతే తల్లినీ పిల్లనీ మా ఊరు పిఠాపురం పంపేస్తాను. అక్కడైనా నోరు పెగుల్తదేమో."

విజయరాణిగారు అమ్మమ్మ దగ్గరకొచ్చి బతిమాలారు. "దానమ్మగారూ, పాస్టరుగారి ముందు మీరు దయచేసి మాట్లాడకండి. పిల్ల ఇంకా తికమకపడిపోద్ది."

"నేనెందుకు మాట్లాడతానమ్మా," అంది అమ్మమ్మ. నేను వెళ్ళి ఆవిడ పక్క కుర్చీలోనే కూర్చున్నాను.

మిరప అయింది. టమాటా అయింది. మొక్కజొన్న సిగ్గుపడుతూనే గట్టెక్కింది. క్రిస్టీనా వేరుశనగ మొక్క పట్టుకుని ముందుకొచ్చింది. నోరు తెరిచింది, మూసింది. వేళ్ళు బిగుసుకుని మొక్కనుంచి మట్టి రాలుతోంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. జయకర్ తల దించేసుకున్నాడు.

అమ్మమ్మ లేచింది. నేను చీర కొంగు పట్టి లాగాను, నా చెయ్యి విదిలించి కొట్టింది.

"నేను చెప్తాను. కాయ పైకి, పువ్వు లోనికి, వేరుశనగా, నీ ఊరేది? మనామా."

హాలంతా గొల్లుమంది. విజయరాణిగారు కళ్ళు మూసుకున్నారు. దిద్దడానికి లేవబోయిన పిల్లల్ని అమ్మమ్మ ఒక్క చూపుతో కూర్చోబెట్టింది. ఇదేంటి, ఎప్పుడూ లేనిది?

"కాదు," అంది క్రిస్టీనా. చీమ మాట్లాడినట్టుంది.

"ఏది కాదే? కాయ పైకే. కొబ్బరికాయలా వేలాడద్దూ?"

"కాదమ్మమ్మా. కాయ లోనికి."

"లోనికెళ్తే ఊపిరాడొద్దా?"

ఆ పిల్లకు ఒళ్ళు మండిపోయింది. మొక్కను తలకిందులు చేసి అమ్మమ్మ ముక్కు దగ్గర పెట్టి, హాలు మారుమోగేలా చెప్పింది:

"పువ్వు పైకి, కాయ లోనికి,
వేరుశనగా, నీ ఊరేది?
అమెరికా మట్టిలోది,
అమ్మమ్మ వేపితే మనది."

చప్పట్లు ఆగేదాకా జయకర్ తల ఎత్తలేదు. తర్వాత అమ్మమ్మ దగ్గరకొచ్చి ఏదో అనబోయాడు.

"పిఠాపురం గిఠాపురం జాంతానై. నన్ను దిద్దేవాళ్ళు ఎవరున్నారు మరి," అంది అమ్మమ్మ.

ఇంటికెళ్తూ కారు నడుపుతూ అడిగాను. "అమ్మమ్మా, నిజం చెప్పు. అన్నీ కావాలనే తప్పు చెప్తావు కదూ?"

"మూడేళ్ళొచ్చినా నీకు మాటలు రాకపోతే, నీకోసం మొదలెట్టానురా చిట్టీ," అంది అమ్మమ్మ రోడ్డు చూస్తూ. "ఇప్పుడు నీ నోరు మూయించే పద్యం ఒక్కటీ దొరకట్లేదు."