నా మిరపకాయల మీద పడ్డ నింద

మావారికి కుక్కంటే ప్రాణం. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లల స్కూలు ఏ వీధిలో ఉందో తెలియని మనిషి, రిటైరయ్యాక తెచ్చుకున్న లాబ్రడార్‌కు రోజూ పళ్లు తోముతారు.

పోయిన వేసవిలో ఆ కుక్క నడవడం తగ్గించి, అస్తమానం పాదాలు నాకుతూ కూర్చునేది. కాలెత్తి చూస్తే అరికాలి మెత్తలు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. అప్పుడే నేను బ్రాడీపేటలోని మా డాబా మీద, ఏడాదికి సరిపడా కారం కోసం మిరపకాయలు ఎండబోశాను. ఇంకేం, దోషి దొరికింది.

"నీ కాయలు తొక్కింది. మండదూ మరి?" అన్నారు.

"అది మెట్లే ఎక్కదు కదండీ. మొదటి మెట్టు దగ్గరే వణికిపోతుంది."

"ఘాటు గాల్లో కిందికి దిగుతుంది. నీకు తెలీదులే."

పుట్టిన దగ్గర్నుంచీ గుంటూరు కారం తిన్న మనిషి చెప్పిన శాస్త్రం అది. కాయలన్నీ గోతాలకెత్తి పక్కింటి డాబా మీదికి మోసింది మాత్రం నేనూ, మా ఇంట్లో పనిచేసే ఆమే.

ఆ తర్వాత వైద్యం. ఫోన్‌లో ఏదో వీడియో చూసి, టబ్బు నీళ్లలో వెనిగర్ కలిపి, కుక్కను అందులో నిలబెట్టారు. అది పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది. టబ్బు తన్నేసి మంచం కిందికి దూరింది.

"మందు పనిచేస్తోంది, అందుకే మంట," అన్నారు మావారు, తడిసిన పంచె పిండుకుంటూ.

మర్నాడు ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాం. కుక్క పాదాలు చూసి ఆవిడ, "ఇల్లు దేనితో తుడుస్తారండీ?" అని అడిగింది.

"నిమ్మవాసన లిక్విడ్. కుక్క వాసన రాకూడదని నేనే దగ్గరుండి పోస్తాను," అన్నారు గర్వంగా. సీసా మీద బకెట్‌కు ఒక మూత అని ఉంటే, ఈయన సగం గ్లాసు వంచేవారు.

"అదేనండీ కారణం. నేల మీద నుంచి పాదాలకు అంటుకుంటోంది. రోజూ మంచినీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవండి. ఈ ఆయింట్‌మెంట్ రాయండి, నాకనివ్వకండి. మీరు చెప్పిన ఆ వెనిగర్ జోలికి మాత్రం వెళ్లకండి."

నాకు మా ఇంట్లో పనిచేసే ఆమె చేతులు గుర్తొచ్చాయి. నెల రోజులుగా చెబుతూనే ఉంది: "అమ్మా, చేతులు తోలు లేస్తున్నాయి, ఆ తుడిచే మందు తగ్గించమని సారుకి చెప్పండి." సారు నీళ్లెక్కువ తాగమన్నారు. నేనేమైనా తక్కువా? కొబ్బరినూనె రాసుకోమని చెప్పి టీవీ ముందు కూర్చున్నాను.

ఇంటికి రాగానే మావారు సీసా తూములో వంపేసి, ఆమెను పిలిచి, "ఇక ఉత్త నీళ్లతోనే తుడువమ్మా. అది మహా డేంజర్, పాదాలు పాడైపోతాయి," అని బోధించారు.

ఆమె తన అరచేతులు చూసుకుంది. "అవునా సార్. నాయి చేతులు కదా, తెలియలేదు."

"డాక్టరు చెప్పేదాకా మాకూ తెలీలేదులే," అని ఓదార్చారు.

మర్నాడు నేనే ఆమెను చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆటోలో ఆమె వైపు చూడలేక దారంతా షాపుల బోర్డులు చదివాను. కుక్కకు పది రోజుల్లో తగ్గింది. ఆమె చేతులకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఇల్లు తుడిచింది నేను. మావారు కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని, నేను వదిలేసిన మూలలు సోఫాలోంచి చూపించేవారు.